పొయ్యికి పోగా మిగిలింది

ఝుఝునా ఆ పుస్తకం నా చేతికిచ్చేసరికి
మొదటి మూడు అధ్యాయాలు లేవు.
"చదివేసి టీ కాచుకున్నాను" అంది.
"నేర్చుకున్న పేజీలే కాల్చాను, ఒట్టు."

తిబిలిసీలో ఆ చలికాలం
కరెంటు రాత్రి రెండింటికొచ్చి నాలుగింటికి పోయేది.
నదుల కొలతల ఆఫీసులో
కిటికీ అద్దం ఒకటి తీసి తగరపు గొట్టం బయటికి పెట్టి
ఇనప పొయ్యి రాజేసుకున్నాం.
ముందు కుర్చీలు పోయాయి, తర్వాత పాత సర్క్యులర్లు.
ఇక మిగిలినవి రిజిస్టర్లు.
నలభై ఏళ్ల మత్‌క్వారి నీటిమట్టం,
పొద్దున ఎనిమిదికొక అంకె, సాయంత్రం ఎనిమిదికొక అంకె.
మార్చిలోపు ఫ్లాపీల్లో ఎంత పడితే అంత, అన్నాడు డైరెక్టరు.
ఫ్లాపీలు పదకొండు. రెండు చెడ్డవి.

అందుకని నా చదువు నాలుగో అధ్యాయంతో మొదలైంది.
చేతికి ఉన్ని తొడుగులు. పేజీ తిప్పాలంటే పళ్లతో లాగాలి.

"రెండో అధ్యాయంలో చూసినట్టుగా" అంటుంది పుస్తకం.
రెండో అధ్యాయం బూడిద.
పొయ్యికి అవతల మూడు శాలువాల్లోంచి
ఝుఝునా కళ్లు మూసుకుని అప్పజెబుతుంది:
"అన్నిటికన్నా తక్కువసార్లు వచ్చే రెంటినీ ముందు ముడెయ్యి.
ఆ జంటని ఒకటిగా లెక్కగట్టి మళ్లీ వెతుకు.
ముడేస్తూ పోతే చివరికి ఒకటే చెట్టు.
రోజూ వచ్చేవాడికి గుమ్మం పక్కన మంచం,
ఎప్పుడో వచ్చేవాడికి అటక."
"అటక కూడా పుస్తకంలో ఉందా?"
"అటక నాది."

మా అక్షరాలు ముప్పై మూడు.
అ రాని మాట లేదు, దానికి మూడు బిట్లు చాలు.
ఝ అటకెక్కింది, తొమ్మిది.
నా పేరు ఇయా. మొత్తం ఏడు బిట్లు.
"మరి నాది?"
వేళ్లమీద లెక్కగట్టి చెప్పాను, ముప్పై అయిదు.
"ఖరీదైన మనిషిని" అని శాలువా సర్దుకుంది.

తర్వాత తేడాలు నేర్చుకున్నాను.
నిన్నటి నీళ్లు తెలిస్తే ఇవాళ్టి నీళ్లు రాయక్కర్లేదు,
ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, అంతే.
సున్నా. ఒకటి. సున్నా. సున్నా.
చూసినదాన్నే మళ్లీ చూపించడం కూడా నేర్చుకున్నాను:
వెనక్కి ఇన్ని అడుగులు నడు,
అక్కణ్ణుంచి ఇన్ని అక్షరాలు తెచ్చుకో.
రొట్టె క్యూలో నిలబడి మా డిసెంబరుని అలా రాసి చూశాను,
వెనక్కి ఒక రోజు, పొడుగు ఒక రోజు, ముప్పైసార్లు.
కాయితమ్ముక్క మీద అర గీత కూడా పట్టలేదు.

ఒక ఏడాది కొలతలు కొట్టడం, కుదించడం,
మళ్లీ విప్పడం, రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం.
తెర మీద "తేడా లేదు" అని పడగానే
ఆ ఏడాది పొయ్యిలోకి.
వరదలొచ్చిన ఏళ్లు ఎక్కువ చోటు తిన్నాయి.
మంటకి మాత్రం అన్నేళ్లూ ఒకటే.

అరవై ఒకటి, ఏప్రిల్ పేజీ.
అంచున పెన్సిలుతో, గెర్వాసీ అనే కొలతలవాడు:
"సాయంత్రం నది దగ్గరికి పోలేకపోయాను.
మేక ఈనింది. రెండు పిల్లలు.
పొద్దుటి అంకే మళ్లీ వేశాను. క్షమించండి."

నా ప్రోగ్రాం దాన్ని సున్నా అంది.
అన్నిటికన్నా చవకైన గుర్తు, ఒక్క బిట్టు.
విప్పి చూశాను. తేడా లేదు.

"కొట్టు" అంది ఝుఝునా.
"మేకకి కాలమ్ లేదు."
"కొట్టవే."
పెన్సిలు రాత తెరమీద సగం కూడా ఎక్కకముందే
నాలుగయింది. తెర నల్లబడింది.
చీకట్లో కాసేపు మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.
ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి
ఆమె కోటు లోపలి జేబులో దోపుకుంది.

నీళ్లు మాత్రం ఇంకా కాగలేదు.
పుస్తకంలో చివరి అధ్యాయం చింపి వేశాను.
ఏది పోయినా ఫర్వాలేదో తేల్చే పద్ధతులట.
ఇంకా చదవలేదు.